ఫాల్ట్ ఏడాదికి ఎంత జరుగుతుందో, వేల ఏళ్ళ కిందటి భూకంపాలు ఎప్పుడు వచ్చాయో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. భూకంపాలను నమోదు చేసే పరికరాలే లేని కాలం సంగతి ఇప్పుడు ఎలా తెలుస్తుంది? ఒక ఫాల్ట్ (రెండు పక్కల రాయి ఒకదాని వెంట ఒకటి జరిగే నేల పగులు) ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతుందో తెలిస్తే తర్వాతి భూకంపం ఎప్పుడో లెక్కకట్టలేమా? లెక్కకట్టలేనప్పుడు ఇంత శ్రమ దేనికి? చాలా కాలంగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి తీరిగ్గానే జవాబిస్తాను.

మొదట ఒక అపోహ తీర్చాలి. "ఈ ఫాల్ట్ ఏడాదికి 30 మిల్లీమీటర్లు జరుగుతుంది" అని చదివితే అది ప్రతి ఏడాదీ నెమ్మదిగా అంత దూరం జారుతోందని అనుకుంటాం. చాలా ఫాల్ట్‌ల విషయంలో అలా జరగదు. ఫాల్ట్‌కి రెండు పక్కలా ఉన్న రాయి రాపిడి వల్ల ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటుంది. దూరంగా ఉన్న నేల మాత్రం కదులుతూనే ఉంటుంది. దాంతో మధ్యలో రాయి వంగుతూ పోతుంది. పట్టు తప్పిన రోజు నూట యాభై ఏళ్ళ బాకీ ఒక్క నిమిషంలో తీరిపోయి, నేల నాలుగైదు మీటర్లు జరుగుతుంది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి ముందూ తర్వాతా చేసిన సర్వే కొలతలను పోల్చి చూసి భూభౌతిక శాస్త్రవేత్త హ్యారీ ఫీల్డింగ్ రీడ్ 1910లో చెప్పిన మాట ఇదే. ఆ భూకంపంలో శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ కొన్నిచోట్ల 6 మీటర్ల దాకా జరిగింది. అంటే స్లిప్ రేటు, అదే ఫాల్ట్ ఏడాదికి జరిగే దూరం, చాలా భూకంపాల మీద తీసిన సగటు. ఎవరూ ఒక్కచోట పరికరం పెట్టి దాన్ని నేరుగా కొలవరు. ఎంత దూరం జరిగింది, ఎన్నేళ్ళలో జరిగింది అనే రెండు కొలతలు తీసుకుని భాగిస్తారు. దూరం కొలవడం పెద్ద కష్టం కాదు. తగువంతా ఆ రెండో కొలత దగ్గరే వస్తుంది.

కాలిఫోర్నియాలోని కారిజో మైదానంలో వాలెస్ క్రీక్ అనే చిన్న వాగు ఉంది. ఈ విద్య నేర్చుకునేవాళ్ళందరూ ముందు చదివేది దాని గురించే. ఆ వాగు కొండ మీంచి తిన్నగా దిగి వచ్చి, శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ దగ్గరకు రాగానే ఠక్కున కుడివైపు తిరుగుతుంది. దాదాపు 130 మీటర్లు ఫాల్ట్ వెంబడే పారి, మళ్ళీ మలుపు తిరిగి తన దారిన పోతుంది. తవ్వుకున్నప్పుడు ఆ వాగు తిన్నగానే ఉంది. ఆ తర్వాత భూకంపం వచ్చిన ప్రతిసారీ ఫాల్ట్‌కి అవతలి నేల, దాంతోపాటు వాగు కింది భాగం పక్కకి జరుగుతూ వచ్చాయి. వాగు ఇప్పటి దారి పట్టింది ఎప్పుడో తెలుసుకోవడానికి అక్కడి మట్టిలో దొరికిన బొగ్గు ముక్కల వయసు కట్టారు. సుమారు 3,700 ఏళ్ళని తేలింది. భాగిస్తే ఏడాదికి 34, 35 మిల్లీమీటర్లు వస్తుంది. అంతటితో ఆగితే నాకంత నమ్మకం కలిగేది కాదు. అక్కడే ఇంకా పాత నిక్షేపాలు దాదాపు 475 మీటర్లు జరిగి ఉన్నాయి, వాటి వయసు 13,000 ఏళ్ళ పైచిలుకు. అక్కడా ఏడాదికి 36 మిల్లీమీటర్ల దగ్గరే తేలింది. వేరువేరు కాలాలకు కట్టిన లెక్కలు ఒకేచోట కలిశాయి కాబట్టే భూగర్భ శాస్త్రవేత్తలు కెర్రీ సీ, రిచర్డ్ జాన్స్ 1984లో ప్రచురించిన ఆ అంచనా ఇప్పటికీ నిలబడి ఉంది.

అన్నిచోట్లా ఇంత తేలిగ్గా తేలదు. టిబెట్ పీఠభూమి ఉత్తరపు అంచున ఆల్టిన్ టాగ్ అనే పొడవాటి ఫాల్ట్ ఉంది. ఒకప్పుడు దాని వేగం ఏడాదికి 20 నుంచి 30 మిల్లీమీటర్లని లెక్క తేల్చారు. తర్వాత ఫాల్ట్‌కి రెండు పక్కలా దూరంగా ఉన్న నేల కదలికను జీపీఎస్‌తో కొలిస్తే 10 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంది. ఏది నిజమనే దాని మీద ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. చిక్కంతా నది మెట్ల దగ్గర ఉంది. నది కాలక్రమంలో లోతుకు కోసుకుపోతూ పక్కన మెట్లు మెట్లుగా పాత తలాలను వదిలేస్తుంది. ఫాల్ట్ ఆ మెట్టు అంచును పక్కకి జరుపుతుంది. ఆ అంచు ఎంత జరిగిందో కొలవచ్చు, కానీ దాని వయసు ఎంతనాలి? పై మెట్టు వయసా, కింది మెట్టు వయసా? నది కింది మెట్టు మీద పారుతున్నంత కాలం ఆ అంచును కోస్తూనే ఉంటే, పక్కకి జరిగిన భాగాన్ని ఎప్పటికప్పుడు చెరిపేస్తుంది. అలాంటి చోట కింది మెట్టును నది వదిలేసిన రోజు నుంచే లెక్క మొదలవ్వాలి. నది అంచును అలా కోయని చోట పై మెట్టు వయసే నిజానికి దగ్గర. పై మెట్టు వయసు తీసుకుంటే ఒక సంఖ్య, కింది మెట్టు వయసు తీసుకుంటే దానికి రెట్టింపో మూడు రెట్లో వస్తుంది. ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని మళ్ళీ లెక్కలు కట్టాక, భూమి చెప్పే సంఖ్యా జీపీఎస్ చెప్పే సంఖ్యా చాలావరకు దగ్గరకొచ్చాయి. అందుకే ఎవరైనా నాకు ఒక స్లిప్ రేటు చెబితే నేను మొదట అడిగేది ఒక్కటే: ఏ ఆనవాలు మీద, ఎంత కాలానికి?

వయసు కట్టే పద్ధతుల గురించి కొంచెం చెప్పాలి. ఎక్కువగా వాడేది రేడియోకార్బన్. చెట్టో గడ్డో చనిపోయాక అందులోని కార్బన్-14 తరుగుతూ పోతుంది, 5,730 ఏళ్ళకు సగం అవుతుంది. సుమారు 50,000 ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. బొగ్గు గానీ ఆకు గానీ దొరకని చోట ఇసుక రేణువులనే అడగాలి. క్వార్ట్జ్ రేణువు ఆఖరిసారి ఎప్పుడు వెలుగు చూసిందో ప్రయోగశాలలో చెప్పగలరు. దానికోసం ఉక్కు గొట్టాన్ని పొరలోకి సుత్తితో దిగ్గొట్టి, వెలుగు సోకకుండా రెండు చివర్లూ మూసి పంపుతాం. ఇక బండరాళ్ళు పరిచినట్టుండే పాత నదీ తలాల మీద, అంతరిక్ష కిరణాలు తగిలి రాతిలో పుట్టే బెరీలియం-10ని కొలుస్తారు.

ఏ పద్ధతి అయినా చెప్పేది ఆ వస్తువు వయసునే, ఆ పొర వయసును కాదు. ఈ తేడా మర్చిపోతే మొత్తం లెక్క తల్లకిందులవుతుంది. ఎక్కడో కొండ మీద కాలిన చెట్టు బొగ్గు కొన్ని వందల ఏళ్ళు అక్కడే పడి ఉండి, ఆ తర్వాత వరదకి కొట్టుకొచ్చి కింది పొరలో చేరొచ్చు. అప్పుడు బొగ్గు పాతది, పొర కొత్తది. ఎలుక కలుగులోంచి పై మట్టి కిందికి జారితే ఇందుకు ఉల్టా అవుతుంది. అందుకే ఒక్క తేదీ మీద ఆధారపడి ఏదీ చెప్పకూడదు. ఒకే పొర నుంచి నాలుగైదు ముక్కలు తీసి, పై పొరా కింది పొరా తేదీలతో వరస కుదురుతోందో లేదో చూడాలి.

ఇప్పుడు భూకంపాల తేదీల సంగతి. స్లిప్ రేటు సగటునే చెబుతుంది, ఒక్కో భూకంపం ఎప్పుడొచ్చిందో దాంట్లో కనబడదు. దానికి ఫాల్ట్‌కి అడ్డంగా ట్రెంచ్, అంటే లోతైన కందకం, తవ్వాలి. మంచి చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంటుంది. మట్టి మేట వేయడం ఆగకుండా జరిగే చోటు కావాలి: చిన్న మడుగు, బురద నేల, వాగు పక్కన వరద ఒండ్రు చేరే పల్లం. గట్టి కొండరాయిలో ఫాల్ట్ ఎంత స్పష్టంగా కనిపించినా, దాని మీద కొత్త పొరలు పడవు కాబట్టి ఏ భూకంపం ఎప్పటిదో అక్కడ తెలియదు.

తవ్వాక గోడలు కూలకుండా ఆధారాలు బిగించి, లోపలికి దిగి, గోడను తాపీతో సన్నగా గీకి శుభ్రం చేస్తాం. యంత్రం పళ్ళు పూసేసిన మట్టి పొర పోయేదాకా అసలు రంగులు కనబడవు. గీకాక ఒక్కొక్కటే తేలతాయి: నల్లటి కుళ్ళు మట్టి, దాని మీద బూడిదరంగు బంకమన్ను, మధ్యలో ఒక వేలు మందం ఇసుక, కింద గులకరాళ్ళు. మేకులు కొట్టి దారాలతో మీటరు మీటరు గళ్ళు కట్టి, పొరల సరిహద్దుల్లో చిన్న చిన్న జెండాలు గుచ్చుకుంటూ పోతాం. బియ్యపు గింజంత బొగ్గు కనిపించినా పట్టకారుతో తీసి రేకులో చుట్టి, అది దొరికిన చోటును నమోదు చేస్తాం. గోడంతా ఫొటోలు తీసి వాటి మీద ప్రతి గీతా గీస్తాం. ఈ పనికి ఓపిక కావాలి. గోడ ముందు ఇద్దరం నిలబడి ఒక సన్నటి పగులు ఏ పొర దాకా వెళ్ళిందని పూటంతా వాదించుకోవడం మామూలే, ఆ వాదన జరగాలి కూడా. ఎందుకంటే తేదీ ఆ ఒక్క చోటు మీదే ఆధారపడుతుంది.

ఎందుకో చెబుతాను. ఒక గోడకి మూడు పూతలు రంగు వేశాక పగులు వచ్చిందనుకోండి. ఆ తర్వాత ఇంకో రెండు పూతలు వేశారు. పై నుంచి చూస్తే పగులు కనపడదు. అంచును కోసి చూస్తే కింది మూడు పూతలూ తెగి ఉంటాయి, పై రెండూ అతుకు లేకుండా పోతాయి. పగులు మూడో పూతకీ నాలుగో పూతకీ మధ్య వచ్చిందని అర్థం. ట్రెంచ్ గోడలో చేసేదీ ఇదే. తెగిన పొరల్లో అన్నిటికంటే పైదాని వయసూ, తెగని పొరల్లో అన్నిటికంటే కిందిదాని వయసూ కడితే, భూకంపం ఆ రెండు తేదీల మధ్య వచ్చినట్టు. పగులు ఒక్కటే సరిపోదు. పగుల్లోకి పై మట్టి జారి పడి నిండిన గుర్తులు, తెగిన గట్టు కూలి దాని పాదం దగ్గర పేరుకున్న మట్టి, ఒక పొర ఒంగిపోతే పైది సమంగా పరుచుకోవడం, ఇలాంటివి రెండు మూడు కలిస్తేనే నేను దాన్ని భూకంపం ఖాతాలో వేస్తాను. ఆ పైన పక్క ట్రెంచ్‌లో కూడా అదే మట్టంలో కనిపించాలి.

కెర్రీ సీ 1970లలో లాస్ ఏంజలెస్‌కి ఈశాన్యంగా, శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ మీద ఉన్న పాలెట్ క్రీక్ దగ్గర తవ్వి చూపించినదాంతోనే ఈ పద్ధతి మీద అందరికీ గురి కుదిరింది. అక్కడ వృక్షశేషాలతో నిండిన నల్లటి పొరలు, ఇసుక పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి కాబట్టి తేదీలు చక్కగా కుదిరాయి. 1857 భూకంపంతో కలిపి గత 1,300 ఏళ్ళలో పది భూకంపాలు తేలాయి. సగటు ఎడం సుమారు 132 ఏళ్ళు. ఇక్కడే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. ఆ పది భూకంపాలూ 132 ఏళ్ళకొకటి చొప్పున రాలేదు. రెండు మూడు కలిసి గుంపుగా, వందేళ్ళ లోపు తేడాతో వచ్చాయి. ఆ గుంపుల మధ్య రెండు మూడు వందల ఏళ్ళు ఏమీ లేదు. సగటును చూసి మొదటి గుంపు తర్వాత ఎవరైనా తేదీ చెప్పి ఉంటే పూర్తిగా దెబ్బతినేవాళ్ళు.

అలాగని అన్ని ఫాల్ట్‌లూ ఇలాగే ఉండవు. న్యూజిలాండ్‌లోని ఆల్పైన్ ఫాల్ట్ మీద హోకురి క్రీక్ దగ్గర దాదాపు 8,000 ఏళ్ళలో 24 భూకంపాలు గుర్తించారు. సగటు 330 ఏళ్ళు, ఎడాల్లో పెద్ద తేడాలు లేవు. అది ఏడాదికి సుమారు 27 మిల్లీమీటర్లు పక్కకి జరిగే ఫాల్ట్. చివరి పెద్ద భూకంపం 1717లో వచ్చింది. అంటే ఇప్పటికి 8 మీటర్ల పైన కదలిక బాకీ ఉంది. అయినా అక్కడి శాస్త్రవేత్తలు తేదీ చెప్పలేదు. వచ్చే 50 ఏళ్ళలో వచ్చే అవకాశం సుమారు 75 శాతం అన్నారు. ఈ శాస్త్రం నిజాయితీగా చెప్పగలిగేది అంతవరకే. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్ సంగతి కూడా చూడండి. అక్కడ 1857 నుంచి 1966 దాకా సగటున 22 ఏళ్ళకొకసారి ఒకే సైజు భూకంపం వచ్చింది. తర్వాతిది 1993 లోపు వస్తుందని ప్రకటించి, పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. అది 2004లో వచ్చింది.

భాగహారం తప్పడానికి కారణాలు చాలానే ఉన్నాయి. ప్రతి భూకంపంలో నేల ఒకే దూరం జరగదు. పక్క ఫాల్ట్ కదిలితే ఇక్కడి ఒత్తిడి పెరగనూవచ్చు, తగ్గనూవచ్చు. కొన్నిచోట్ల ఫాల్ట్ భూకంపం లేకుండానే మెల్లగా పాకుతుంది. కాలిఫోర్నియాలోని హేవర్డ్ ఫాల్ట్ దీర్ఘకాలపు వేగం ఏడాదికి 9 మిల్లీమీటర్లు, అందులో 5 మిల్లీమీటర్ల వరకు పైన నేలలో రోడ్ల అంచులనూ గోడలనూ వంచుతూ అలా పాకడంలోనే పోతోంది. మొత్తం తొమ్మిదీ భూకంపం కోసం పోగవుతోందని లెక్క కడితే తప్పు.

ట్రెంచ్‌కి కూడా హద్దులున్నాయి. మొదటిది, అది నేల చీల్చిన భూకంపాలనే చెబుతుంది. 2015లో నేపాల్‌లో వచ్చిన 7.8 భూకంపం కాఠ్మాండూ కింద లోతులోనే ఆగిపోయింది, హిమాలయాల పాదం దగ్గరున్న ప్రధాన ఫాల్ట్‌ను పైదాకా చీల్చలేదు. రేపు అక్కడ ట్రెంచ్ తవ్వినవాళ్ళకు 2015 కనబడదు. 1934 బిహార్-నేపాల్ భూకంపం విషయంలో ఇంకో రకంగా జరిగింది. అది పైదాకా రాలేదనే చాలా కాలం అనుకున్నారు. తూర్పు నేపాల్‌లోని సీర్ ఖోలా దగ్గర పొరలు పరిశీలించాక అది నేలను చీల్చిందనీ, దానికి ముందు చీల్చింది 1255 నాటిదనీ 2013లో ప్రకటించారు. కాఠ్మాండూ రాజు అభయ మల్లుడి ప్రాణం తీసిన భూకంపం అదే.

రెండో హద్దు ఇంకా ఇబ్బందికరమైనది. రేడియోకార్బన్ తేదీకి అటూ ఇటూ కొన్ని పదుల ఏళ్ళ అనిశ్చితి ఉంటుంది. టర్కీలోని ఉత్తర అనటోలియా ఫాల్ట్ 1939, 1942, 1943, 1944లలో ముక్కలు ముక్కలుగా, తూర్పు నుంచి పడమరకు వరసగా తెగింది. ఆ వరసే 1999 ఇజ్మిత్ భూకంపం దాకా సాగింది. ఇంకో రెండు వేల ఏళ్ళ తర్వాత రాతలేవీ మిగలక, ఎవరైనా ఆ పొడవునా ట్రెంచ్‌లు తవ్వారనుకోండి. ఆ తేదీలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వాళ్ళు దాన్ని ఒకే ఒక్క మహా భూకంపం అనుకునే ప్రమాదం ఉంది. మనం పాత భూకంపాల సైజు చెప్పేటప్పుడు ఇదే ప్రమాదంలో ఉన్నాం. సైజు తెగిన పొడవు మీద, లోతు మీద, జరిగిన దూరం మీద ఆధారపడుతుంది. 100 కిలోమీటర్ల పొడవు, 15 కిలోమీటర్ల లోతు ఉన్న ముక్క సగటున 3 మీటర్లు జరిగితే 7.4 దాకా వస్తుంది. పొడవు తప్పుగా ఊహిస్తే ఆ సంఖ్యా తప్పుతుంది. అందుకే చరిత్ర రాతలు, గుడి శాసనాలు, చెరువుల అడుగు మట్టి, చెట్ల వలయాలు ఏది దొరికినా వదలం.

రాతలు ఎంత పనికొస్తాయో చెప్పడానికి ఉత్తర అమెరికా పశ్చిమ తీరాన్ని మించిన ఉదాహరణ లేదు. అక్కడి కాస్కేడియా ఫాల్ట్ సముద్రం కింద ఉంది, ట్రెంచ్ తవ్వే వీలే లేదు. తీరంలో నేల ఒక్కసారిగా కుంగి ఉప్పునీట్లో చచ్చిపోయిన దేవదారు చెట్లు మాత్రం నిలబడి ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్త బ్రయన్ ఆట్వాటర్ తదితరులు తీరపు మట్టి పొరలనూ ఆ చెట్లనూ చదివారు. వలయాల ప్రకారం అవి 1699 ఆగస్టుకీ 1700 మే నెలకీ మధ్య చచ్చిపోయాయి. అదే సమయంలో జపాన్ తీరానికి, అక్కడ ఎవరికీ భూకంపం తెలియకుండానే, ఒక సునామీ వచ్చినట్టు ఊళ్ళ దస్తావేజుల్లో రాసి ఉంది. ఆ రెండూ కలిపి చూస్తే భూకంపం 1700 జనవరి 26 రాత్రి వచ్చిందని, దాని పరిమాణం సుమారు 9 అని తేలింది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది.

ఇక మూడో ప్రశ్న. తేదీ చెప్పలేనప్పుడు ఇదంతా దేనికి? ఎందుకంటే కట్టేవాళ్ళకు తేదీ అక్కర్లేదు. ఎక్కడ, ఎంత, ఎంత తరచుగా అన్నవి చాలు. స్లిప్ రేటు, పాత భూకంపాల తేదీలు భూకంప ముప్పు మ్యాపుల్లోకి వెళ్తాయి, అక్కడ నుంచి భవన నిర్మాణ నియమాల్లోకి వెళ్తాయి. 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత కాలిఫోర్నియాలో 1972లో చట్టం చేసి, యాక్టివ్ ఫాల్ట్ గీత మీద మనుషులు ఉండే కొత్త కట్టడాలు రాకుండా, సాధారణంగా 50 అడుగుల దూరం వదలాలన్నారు. ఆ గీత ఎక్కడుందో తేల్చేది ట్రెంచే. అలాస్కాలో చమురు పైపులైను డెనాలి ఫాల్ట్‌ను దాటే చోట, నేల 6 మీటర్ల దాకా పక్కకి జరగొచ్చని భూగర్భ శాస్త్రవేత్తలు ముందే అంచనా ఇచ్చారు. ఇంజినీర్లు అక్కడ పైపును నేలలో పాతిపెట్టకుండా, పొడవాటి అడ్డదూలాల మీద జారేలా అమర్చారు. 2002 నవంబరులో 7.9 భూకంపం వచ్చి ఆ చోట నేల నాలుగు మీటర్లకు పైగా జరిగింది. కొన్ని ఆధారాలు దెబ్బతిన్నాయి గానీ పైపు పగల్లేదు, చమురు కారలేదు.

మీకు ఆసక్తి ఉంటే అమెరికా, జపాన్, న్యూజిలాండ్ భూగర్భ సంస్థల ఫాల్ట్ డేటాబేస్‌లు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిలో ఏదైనా ఫాల్ట్ తెరిచినప్పుడు స్లిప్ రేటు ఒక్కటే చూసి వదిలేయకండి. అది ఏ ఆనవాలు మీద, ఎన్ని వేల ఏళ్ళకు తీసిందో చూడండి. పక్కనే చివరి భూకంపం తేదీ ఇచ్చారేమో చూడండి. ఆ గడి ఖాళీగా ఉంటే చాలాసార్లు అర్థం అక్కడ భూకంపాలు రాలేదని కాదు, అక్కడ ఇంకా ఎవరూ తవ్వి చూడలేదని.